పాఠం చెప్పేవారు ముందు విద్యార్థుల వరుసలో కూర్చోవాలి

విశ్వవిద్యాలయ అధ్యాపకులకు ఆన్‌లైన్ బోధన వేదికలను పరిచయం చేసే శిక్షణ తరగతులు హైదరాబాదులో ఏటా ఎన్ని జరుగుతాయో లెక్క తీయడం కష్టమే కానీ, అవి ఎలా జరుగుతాయో చెప్పడం మాత్రం తేలిక. ఉదయం పదిన్నరకు జ్యోతి ప్రజ్వలన, పదకొండున్నర దాకా అతిథుల ప్రసంగాలు, టీ తర్వాత రిసోర్స్ పర్సన్ తన ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టరుకు తగిలించి, మూడిల్ గానీ గూగుల్ క్లాస్‌రూమ్ గానీ తెరిచి, అద్దె ఇల్లు చూపించే బ్రోకరు గదులన్నీ తిప్పినట్టు, మెనూలోని మొదటి బటన్ నుంచి చివరి బటన్ దాకా చూపించుకుంటూ పోతారు. రెండో రోజు సాయంత్రం సర్టిఫికెట్లు, గ్రూప్ ఫోటో. మూడు నాలుగు నెలల తర్వాత ఆ శిక్షణ పొందినవారి కోర్సు పేజీలు తెరిచి చూస్తే, చాలావాటిలో కనిపించేది ఒక సిలబస్ పీడీఎఫ్, ఒక్క సందేశమైనా లేని ప్రకటనల ఫోరం, 'టాపిక్ 1', 'టాపిక్ 2' అని సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టిన పేర్లతోనే మిగిలిపోయిన ఖాళీ విభాగాలు. మా విశ్వవిద్యాలయంలో ఈ వేదిక నిర్వహణలో కొంత భాగం నా నెత్తిన పడినప్పటి నుంచి ఈ ఖాళీ పేజీలను చూస్తూనే ఉన్నాను.

ఈ పరిస్థితికి అధికారుల గదుల్లో ఒక సంజాయిషీ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: "పెద్దవాళ్లకు కంప్యూటరంటే భయమండీ, చిన్నవాళ్లకు ఆసక్తి లేదు." ఈ మాటను నేను ఒప్పుకోను. 2016లో తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారినప్పుడు, కళాశాలల్లో కూర్చుని విద్యార్థుల వెబ్ ఆప్షన్ల చిక్కులు విప్పినవారిలో ఈ అధ్యాపకులే ఎక్కువ. జవాబు పత్రాలను స్కాన్ చేసి తెరమీద దిద్దే పద్ధతి వచ్చినప్పుడు, కళ్లు మంటలంటూ గొణుక్కుంటూనే అయినా, నేర్చుకుని దిద్దినదీ వీరే. 2020 మార్చి చివరి వారంలో లాక్‌డౌన్ ప్రకటించాక, జూమ్ అనే పేరు అంతకుముందు విననైనా వినని ఆచార్యులు కొద్ది వారాల్లోనే ఇంట్లో వంటగది పక్కన బల్ల వేసుకుని, ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి పాఠాలు చెప్పారు. అవసరం కళ్లెదుట కనిపించినప్పుడు నేర్చుకోలేనివారెవరూ నాకు తారసపడలేదు. శిక్షణ తరగతుల్లో కనిపించనిది ఆ అవసరమే. బటన్ ఎక్కడుందో చెబుతాం, దాన్ని నొక్కితే తన తరగతిలో ఏ బాధ తీరుతుందో చెప్పం.

ఆ లాక్‌డౌన్ కాలం గురించి ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే ఆన్‌లైన్ బోధన మీద ఇప్పటికీ పోని విముఖతకు మూలం అక్కడే ఉంది. అప్పుడు మనం చేసింది తరగతి గదిని ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చి కెమెరా ముందు పెట్టడం. గంటసేపు ఉపన్యాసం, అటువైపు మూగగా నల్లటి చతురస్రాలు, మధ్యమధ్యలో "సార్, వాయిస్ కట్ అవుతోంది" అనే మాట. అది అత్యవసర ఏర్పాటు. దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ క్యాంపస్‌లు తెరుచుకోగానే అధ్యాపకులు ఆ అనుభవాన్నే ఆన్‌లైన్ బోధన అనుకుని, ఇక చాలని తలుపులు మూసేశారు. 2021 మే నెలలో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) మిశ్రమ బోధన మీద పత్రం విడుదల చేసి, ఒక్కో కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో చెప్పవచ్చునని ప్రతిపాదించినప్పుడు, స్టాఫ్ రూములో వినిపించిన మొదటి మాట, "మళ్లీ ఆ నల్ల డబ్బాలతో మాట్లాడాలా?" అన్నదే. ప్రత్యక్ష ప్రసారం వేరు, విద్యార్థి తనకు వీలైన వేళ వచ్చి చదివి, రాసి, తప్పు తెలుసుకుని వెళ్లే ఏర్పాటు వేరు. మూడిల్ వంటి వేదికలు రెండోదాని కోసం పుట్టినవి.

ఆ పుట్టుక కథ కూడా నా వాదానికి పనికివచ్చేదే. మూడిల్‌ను తయారుచేసిన మార్టిన్ డూగియామస్ పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతంలో పెరిగి, బడి దూరమైన పిల్లలకు రేడియో ద్వారా పాఠాలు చెప్పే పద్ధతిలో చదువుకున్నవాడు. తర్వాత పెర్త్‌లోని కర్టిన్ విశ్వవిద్యాలయంలో వెబ్‌సీటీ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్‌ను నిర్వహిస్తూ, దాని లోటుపాట్లతో విసిగి సొంతంగా ఒకటి రాయడం మొదలుపెట్టాడు. తొలి పూర్తి వెర్షన్ 2002 ఆగస్టులో వచ్చింది. అంటే దూరాన కూర్చున్న విద్యార్థికి ఎలా ఉంటుందో చిన్ననాడే తెలిసినవాడు చేసిన పనిముట్టు అది. మనం దాన్ని అధ్యాపకుల చేతికి ఇచ్చేటప్పుడు మాత్రం ఆ విద్యార్థి కుర్చీని పక్కకు నెట్టేసి, నేరుగా నిర్వాహకుడి కుర్చీలో కూర్చోబెడుతున్నాం.

నేను అడుగుతున్నది పెద్ద విషయమేమీ కాదు. అధ్యాపకుడికి వేదిక మీద బోధకుడి హోదా ఇచ్చే ముందు, ఒక నెలపాటు అదే వేదిక మీద విద్యార్థిగా చేర్చాలి. మూడిల్‌లో బోధకుడు తన పేజీని విద్యార్థి కళ్లతో చూసుకునేందుకు పాత్ర మార్చుకునే సదుపాయం ఉంది కదా అని సాంకేతిక సిబ్బంది అంటారు. అది పేజీ ఎలా కనబడుతుందో చూపిస్తుందే తప్ప, గడువులోగా ఏదో ఒకటి రాసి పంపి, దానికి ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఎదురుచూడటం ఎలా ఉంటుందో చూపించదు. ఈ ఆలోచన నా సొంతమూ కాదు. బ్రిటన్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో పనిచేసిన గిల్లీ సామన్ 2000 ప్రాంతంలో ఆన్‌లైన్ అభ్యాసాన్ని ఐదు మెట్లుగా వివరించారు: లోపలికి రాగలగడం, పరిచయాలు, సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం, కలిసి ఆలోచించడం, ఆ తర్వాత ఎవరికి వారు ఎదగడం. చర్చలు నడిపేవారికి శిక్షణ కూడా అదే వేదిక మీద, అభ్యాసకులుగా ఈ మెట్లన్నీ ఎక్కించే ఇవ్వాలన్నది ఆమె పట్టు. మన రెండు రోజుల శిక్షణలో మొదటి మెట్టు, అంటే పాస్‌వర్డ్ ఇవ్వడం, పూర్తవుతుంది; తక్కిన నాలుగూ సర్టిఫికెట్టులో కలిసిపోతాయి.

మా దగ్గర కొన్ని శాఖల్లో ఈ పద్ధతిని ప్రయత్నించాం. కోర్సు విషయంగా మూడిల్‌ను తీసుకోలేదు, మూడిల్ గురించి నెలరోజులు చదవమంటే ఎవరూ చదవరు. 'మంచి ప్రశ్నపత్రం ఎలా తయారవుతుంది' అన్న అంశం తీసుకున్నాం, దాని మీద ప్రతి అధ్యాపకుడికీ గట్టి అభిప్రాయాలు ఉంటాయి కాబట్టి. మొదటి వారం ఫోనులోనే చదవాలని షరతు పెట్టాం. అర్థశాస్త్రం మేడమ్ ఒకావిడ ఉప్పల్ నుంచి మెట్రోలో వస్తూ మేం పెట్టిన వ్యాసం తెరిచారట. మేం కావాలనే పుస్తకంలోని పుటలను స్కాన్ చేసిన పెద్ద పీడీఎఫ్ పెట్టాం, మన కోర్సు పేజీల్లో మామూలుగా ఉండేది అదే కనుక. ఆవిడ శాఖకు రాగానే నా గదికి వచ్చి, "అది డౌన్‌లోడ్ కావడానికే రెండు స్టేషన్లు దాటిపోయాయండీ. అది అయ్యాక ఫోన్ అడ్డంగా తిప్పి, వేళ్లతో పెద్దది చేసుకుని, ఒక్కో వాక్యానికి ఆ చివర నుంచి ఈ చివరకు జరుపుకుంటూ చదివాను. మా పిల్లలు కూడా ఇలాగే చదువుతున్నారా?" అని అడిగారు. ఇలాగే చదువుతున్నారని, వారిలో చాలామంది రోజువారీ డేటా ప్యాకు మీద ఆధారపడి, ఇబ్రహీంపట్నం నుంచో చేవెళ్ల నుంచో వచ్చే ఆర్టీసీ బస్సులో నిలబడి చదువుతున్నారని చెప్పాను. మరుసటి వారం ఆవిడ తన నోట్సును ఫోనులో తేలిగ్గా తెరుచుకునే మామూలు వెబ్ పేజీలుగా మార్చడం ఎలాగో అడిగారు. మెనూ చూపించే శిక్షణలో ఆ ప్రశ్న వచ్చేదే కాదు.

గడువు సంగతి ఇంకా తమాషాగా తేలింది. మూడిల్‌లో అసైన్‌మెంట్ పెట్టినప్పుడు ఎవరూ మార్చకపోతే గడువు వారం తర్వాతి తేదీకి, అర్ధరాత్రి పన్నెండు గంటలకు పడుతుంది. 'సోమవారం, 12:00 ఏఎం' అని ఉంటే, అది ఆదివారం రాత్రి ముగిసే క్షణమని వెంటనే తట్టేవారు తక్కువ. మేం దాన్ని అలాగే వదిలేశాం. సోమవారం సాయంత్రం తీరిగ్గా కూర్చుని పని సమర్పించబోయిన ఆచార్యులకు గడువు దాటిపోయిందని ఎర్ర గడి కనిపించింది. ఫోన్ల మీద ఫోన్లు. ఇరవై ఏళ్ల పైబడిన అనుభవం ఉన్నవారు, సెనేట్ సమావేశాల్లో నిబంధనలు వల్లించేవారు, "అందులో సోమవారం అని ఉంది కదయ్యా!" అని వాదించారు. ఆ వాదననే ఏటా విద్యార్థుల నుంచి విని కొట్టిపారేస్తున్నామన్న ఎరుక కొందరి ముఖాల్లో కనిపించింది, కొందరి ముఖాల్లో కనిపించలేదు. ఏదైతేనేం, బోధకుడి హోదా వచ్చాక చాలామంది మొట్టమొదట చేసిన పని గడువు వేళను రాత్రి తొమ్మిదికి మార్చడం.

తెలుగు శాఖ అనుభవం వేరు, దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. అక్కడి ఆచార్యులొకరు ఛందస్సు చెబుతారు. ఏళ్ల తరబడి కూర్చుకున్న ప్రశ్నల నిధి ఆయన దగ్గర ఉంది. దాన్ని క్విజ్‌గా పెడదామని ఉత్సాహంగా పెన్‌డ్రైవ్ తెచ్చారు. తెరిచి కాపీ చేసి మూడిల్‌లో అతికిస్తే, తెలుగు అక్షరాల బదులు రోమన్ అక్షరాలు, గీతలు, చుక్కలు కలగాపులగంగా పడ్డాయి. కారణం తెలుగులో డీటీపీ పని చూసినవారికి కొత్తకాదు. ఆ ప్రశ్నలన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టించినవి. అక్కడ తెలుగు అక్షరంగా కనిపించేది కంప్యూటరు దృష్టిలో ఏదో ఒక రోమన్ అక్షరమో గుర్తో మాత్రమే. వేదికకు కావలసింది తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే గుర్తించే యూనికోడ్. మార్పిడి చేసే ఉపకరణాలు ఉన్నాయి కానీ, ఒత్తులూ అక్కడక్కడ గుడిదీర్ఘాలూ తారుమారవుతాయి. మిగతా పాఠంలో అది చికాకు మాత్రమే, ఛందస్సులో గురులఘువులే మారిపోతాయి. ఒక పరిశోధక విద్యార్థి సాయంత్రాలు కూర్చుని ఆయనతో పాటు ఒక్కో ప్రశ్నా సరిచూశాడు. శిక్షణకు వచ్చే రిసోర్స్ పర్సన్ల స్లయిడ్లలో ఈ చిక్కు గురించి ఒక్క వాక్యం నేను చూడలేదు. ఇంజినీరింగ్ కళాశాలలకు తయారుచేసిన శిక్షణనే అన్ని శాఖలకూ వడ్డిస్తే తెలుగు, ఉర్దూ, సంస్కృత శాఖలవారు మొదటి రోజే చేతులెత్తేస్తారు, మనమేమో వారికి ఆసక్తి లేదని రాసుకుంటాం.

ప్రశ్నలు సరిపడ్డాక జరిగినది నాకు మరీ నచ్చింది. ఉత్పలమాలకు యతిస్థానం ఎన్నో అక్షరమన్నది ప్రశ్న; 10, 11, 13, 14 అన్నవి ఆప్షన్లు. ప్రతి ఆప్షన్ పక్కనా, విద్యార్థి దాన్ని ఎంచుకుంటే కనిపించే వ్యాఖ్య రాసేందుకు ఒక గడి ఉంటుంది. అది ఎందుకని అడిగారు. చెప్పాను. కాసేపు ఊరుకుని కీబోర్డు తన వైపు లాక్కున్నారు. 11 ఎదురుగా, 'నీవు చెప్పినది చంపకమాలకు. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడగొట్టి చూడు, అక్షరం ఒకటి ఎందుకు పెరిగిందో తెలుస్తుంది' అని రాశారు. 13 ఎదురుగా శార్దూలం, 14 ఎదురుగా మత్తేభం గురించి అదే వరుసలో రాశారు. "క్లాసులో అరవైమంది ఉంటే ఎవడు ఏ తప్పు చేశాడో వెతికి ఈ మాట చెప్పడం నా వల్ల ఎప్పుడూ కాలేదు" అన్నారు. ఆ సెమిస్టరులో మా సర్వరులో అందరికంటే ఎక్కువ క్విజ్‌లు పెట్టినది ఆయనే. ఆయనకు ఇప్పటికీ మెనూలో సగం బటన్లు తెలియవు, తెలియవలసిన అవసరమూ లేదు.

వేదికను పరిచయం చేయడానికి వీడియో సరైన ద్వారం కాదని నేను అనడానికి కారణం ఇలాంటి అనుభవాలే. 2017 జులైలో మొదలైన 'స్వయం' అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక, ప్రతి కోర్సుకూ నాలుగు భాగాలు ఉండాలని చెబుతుంది: వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, స్వయం మదింపు, చర్చా వేదిక. మన విశ్వవిద్యాలయాల్లో డబ్బూ శ్రద్ధా మొదటి భాగం చుట్టూనే తిరుగుతున్నాయి. స్టూడియో కడతాం, ఆకుపచ్చ తెర కొంటాం, రిబ్బన్ కత్తిరిస్తాం. పదోన్నతి లెక్కల్లోనూ మూక్, అంటే ఎవరైనా చేరగల ఆన్‌లైన్ కోర్సు, తయారుచేసినవారికి పాయింట్లు ఉన్నాయి, తన అరవైమంది విద్యార్థుల చర్చా వేదికలో సెమిస్టరంతా జవాబులు రాసినవారికి విడిగా పాయింటేమీ లేదు. విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే న్యాక్ మదింపులో అధ్యాపకులు ఐసీటీ (కంప్యూటరు, ఇంటర్నెట్) ఉపకరణాలు వాడుతున్నారా అన్న అంశం ఉంటుంది కనుక, దాని కోసం శిక్షణల ఫోటోలు భద్రంగా దాచిపెడతాం. ఐఐటీల ఆచార్యులు చెప్పే ఎన్‌పీటీఎల్ వీడియో పాఠాలు ఉచితంగా దొరుకుతున్నప్పుడు, అదే పాఠాన్ని ఇంకొక మాస్టారు ఇంకొక ఆకుపచ్చ తెర ముందు చెప్పి ఒరగబెట్టేది తక్కువ. తన విద్యార్థి ఎక్కడ తడబడుతున్నాడో తెలిసినవాడు తనే కాబట్టి, ఆ అధ్యాపకుడు మాత్రమే చేయగలిగినవి మూడోదైన మదింపు, నాలుగోదైన చర్చ భాగాలే.

నిజానికి ఈ విషయంలో హైదరాబాదు ఎక్కడికో వెళ్లి నేర్చుకోనక్కర్లేదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఇక్కడే మొదలైంది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు వచ్చింది. తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి ఆ తర్వాత జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోకు కూడా తొలి ఉపకులపతి అయ్యారు. ఎదురుగా అధ్యాపకుడు లేని విద్యార్థి కోసం పాఠం రాయడం ప్రత్యేకమైన విద్య అని గుర్తించి, పాఠం మొదట్లో ఇది చదివితే ఏం తెలుస్తుందో చెప్పడం, మధ్యలో ఆగి ప్రశ్న వేయడం, చివర జవాబులు ఇవ్వడం వంటి పద్ధతులను అచ్చు పుస్తకంలోనే అమలుచేసిన సంప్రదాయం అది. మూడిల్ పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందటి సంగతి ఇది. మన రెగ్యులర్ విశ్వవిద్యాలయాల్లో చాలామంది దూరవిద్యను చిన్నచూపు చూశారు, ఆదివారం కాంటాక్ట్ క్లాసులకు వెళ్లి గౌరవ వేతనం తీసుకున్నవారు కూడా. ఇప్పుడు మనకు కావలసిన నేర్పు వారి దగ్గరే ఉంది. శిక్షణకు సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రతినిధి కంటే, అక్కడ పాఠాలు రాసి, దిద్ది అనుభవం ఉన్న ఒక విశ్రాంత ఆచార్యుడిని పిలవడం మేలని నా అభిప్రాయం.

మరి అమీర్‌పేట మాటేమిటని మిత్రుడొకరు అడిగారు. మైత్రీవనం చుట్టుపక్కల ఇరుకు గదుల్లో వేలమంది కొత్త సాఫ్ట్‌వేర్లు నేర్చుకుని ఉద్యోగాల్లో చేరుతున్నారు కదా, అధ్యాపకులకూ అదే పద్ధతిలో బ్యాచ్‌లు పెట్టి ఉదయం సాయంత్రం రుబ్బితే రాదా అని ఆయన వాదం. వస్తుంది, కానీ అమీర్‌పేట గదిలో కూర్చున్న కుర్రవాడికి అక్కడికి ఎందుకొచ్చాడో స్పష్టంగా తెలుసు. ఇంటర్వ్యూ తేదీ వాడి జేబులో ఉంటుంది. సర్క్యులర్ వచ్చింది కాబట్టి హాజరైన అధ్యాపకుడిది ఆ పరిస్థితి కాదు.

కృత్రిమ మేధ గురించి అడగకుండా ఈ మధ్య ఏ శిక్షణా ముగియడం లేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంటుకు అర్థమేముందన్నది న్యాయమైన ప్రశ్న. నేను చెప్పగలిగినది ఇంతే: పని ముగిశాక ఒక్కసారి ఫైలు తీసుకోవడం కాకుండా, చిత్తుప్రతి, దాని మీద వ్యాఖ్య, సవరణ అనే దశలన్నీ కనిపించేలా నడిపితే విద్యార్థి చేసిన పని కొంతైనా తెలుస్తుంది. దానికి వేదిక పనికొస్తుంది. కానీ దానికి అధ్యాపకుడి సమయం మూడింతలు పడుతుంది, అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ 14 గంటలు నేరుగా బోధించాలి. టైమ్‌టేబుల్ గడిలో పేరు ఉన్న గంటే గంట. రాత్రి పది గంటలకు ఫోరంలో విద్యార్థి సందేహానికి రాసిన జవాబుకు, ఆదివారం కూర్చుని క్విజ్ ఆప్షన్లకు రాసిన వ్యాఖ్యలకు ఆ టైమ్‌టేబుల్‌లో గడి లేదు. వేదిక వాడుతున్నవారికి వారంలో రెండు గంటల తరగతి తగ్గించి, ఆ రెండు గంటలూ ఆన్‌లైన్ పనిగా లెక్కించండని మేం రాసి ఇచ్చిన ప్రతిపాదన అకడమిక్ సెక్షన్‌లో ఏ ఫైలులో ఉందో తెలియదు. అడిగినప్పుడల్లా, వేదిక వల్ల పని తగ్గాలి గానీ పెరగడమేమిటని ఎదురు ప్రశ్న వస్తుంది. కోర్సు మొదటిసారి తయారుచేసే సెమిస్టరులో పని పెరుగుతుంది, రెండో మూడో సంవత్సరానికి దిద్దుబాటు భారం తగ్గుతుంది; ఈ మాటను దాచిపెట్టి శిక్షణకు పిలిస్తే మొదటి నెలలోనే నమ్మకం పోతుంది.

రెగ్యులర్ అధ్యాపకుల సంగతే ఇలా ఉంటే, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో తరగతుల బరువు చాలావరకు మోస్తున్న కాంట్రాక్టు, పార్ట్‌టైమ్, గెస్ట్ అధ్యాపకుల సంగతి వేరే చెప్పాలా? గెస్టుగా వచ్చేవారికి పీరియడ్ లెక్కన డబ్బు. పీరియడ్ తీసుకోకపోతే లేదు. వీరిలో చాలామంది వయసులో చిన్నవారు, వేదికను అందరికంటే వేగంగా పట్టుకుంటారు, శాఖలో పెద్దవారికి పక్కన కూర్చుని నేర్పేదీ వీరే. తెలుగు శాఖలో అక్షరాలు సరిచూసిన పరిశోధక విద్యార్థి లాగే వీరి శ్రమకూ ఏ రిజిస్టరులోనూ పద్దు లేదు. పైగా తాను కష్టపడి కట్టిన కోర్సు పేజీ వచ్చే ఏడాది వేరొకరి పేరు మీదికి వెళ్లిపోతుందేమోనని వారికి అనుమానం, అది నిరాధారమూ కాదు. సర్వరులో ఒక కోర్సును నకలు తీసి ఇంకొకరికి అప్పగించడం నిమిషాల పని, ఆ పని చేసిపెట్టమని నాకు ఫోన్లు వస్తుంటాయి. కోర్సు కట్టినవారి పేరు పేజీ మీద ఉంచాలని, తయారీ గంటలకు పీరియడ్ రేటు ప్రకారం చెల్లించాలని ఒక ఉత్తర్వు వచ్చేదాకా గెస్ట్ అధ్యాపకులను ఈ శిక్షణకు తప్పనిసరిగా రావాలని పిలిచే జాబితా మీద నేను సంతకం పెట్టనని మా డీన్‌గారికి చెప్పాను. జాబితా వేరే సంతకంతో వెళ్లింది. వచ్చే సెమిస్టరు శిక్షణ తేదీలు ఖరారయ్యాయి, మళ్లీ రెండు రోజులే.